రెండడుగుల రీఫ్ ట్యాంకుకి ఏ ఫిల్టర్ కొనాలి?

విజయవాడ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. 24×15×15 అంగుళాల గాజు ట్యాంకు చేయించారు, ఇంకా నీళ్లు పోయలేదు. ఇంతకుముందు నాలుగేళ్లు గోల్డ్‌ఫిష్, గప్పీలు పెంచిన అనుభవం ఉంది. ఇప్పుడు ఉప్పునీళ్లలో రెండు క్లౌన్ చేపలు, కొన్ని మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు (మెత్తటి పగడాల రకాలు) పెట్టాలని, అంటే రీఫ్ ట్యాంకు నడపాలని కోరిక. షాపతను కానిస్టర్ (ట్యాంకు కింద పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్), యూవీ (నీళ్లలోని క్రిములని చంపే దీపం), ప్రొటీన్ స్కిమ్మర్ (బుడగలతో మలినాలు తీసేది) మూడూ కలిపి 22 వేలు చెప్పాడట. "ఇవన్నీ నిజంగా కావాలా? సంప్ (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) పెడితే మంచిదా? బందరు వెళ్లి సముద్రం నీళ్లు తెచ్చుకుంటే ఖర్చు తగ్గుతుందా?"

సూటిగా చెప్తాను. ఆ మూడిట్లో ఒక్కటి కూడా ఇప్పుడు కొనకండి. ట్యాంకు ఇంకా ఖాళీగా ఉంది కాబట్టి అందులోనే ఒక పక్కన 5 అంగుళాల గది గాజుతో కట్టించుకోండి. ఆ గదిలో ఫిల్టర్ దూది, కాస్త కార్బన్ (మలినాలు పీల్చే బొగ్గు), చిన్న పంపు. ట్యాంకులో 7, 8 కిలోల రాయి, ఒక వేవ్‌మేకర్ (నీళ్లని కదిలించే చిన్న మోటారు). ఫిల్టర్ అంటే ఇంతే. మిగిలిన డబ్బు మంచి ఆర్‌ఓ-డీఐ నీళ్లకి (కరిగిన లవణాలన్నీ తీసేసిన నీళ్లు), ఉప్పుకి, టెస్ట్ కిట్లకి పెట్టండి. సముద్రం నీళ్ల సంగతి కింద చెప్తాను.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా ఉప్పునీళ్ల ట్యాంకులు నడుపుతున్నాను. కానిస్టర్, సంప్, వెనక తగిలించే ఫిల్టర్, స్కిమ్మర్ అన్నీ వాడాను, కొన్నిటితో తలబొప్పి కట్టించుకున్నాను కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

గప్పీలు పెంచారు కాబట్టి చేపల రెట్ట నుంచి వచ్చే అమ్మోనియాని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే సంగతి మీకు తెలిసే ఉంటుంది. మంచినీళ్ల ట్యాంకులో ఆ బ్యాక్టీరియా ఎక్కువగా ఫిల్టర్‌లోని స్పాంజిలో కాపురం పెడుతుంది. అందుకే అక్కడ ఫిల్టరే ప్రాణం. రీఫ్ ట్యాంకులో ఆ కాపురం రాళ్లకి మారుతుంది. సన్నటి రంధ్రాలున్న రాయి పైపొరలో అమ్మోనియా తినే బ్యాక్టీరియా ఉంటుంది. లోపల ఆక్సిజన్ అందని చోట నైట్రేట్‌ని విడగొట్టే ఇంకో రకం చేరుతుంది. 1960ల మొదట్లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్లు, గాలిబుడగలు తప్ప ఏ ఫిల్టరూ లేకుండా పగడాలు బతికించి చూపించాడు. ఆ తర్వాత వచ్చిన పద్ధతులన్నీ ఆ రాళ్లకి ఏదో ఒకటి తోడు చేర్చినవే.

అలాగని సముద్రం ఒడ్డున దొరికిన పగడపు రాయి తెచ్చి వేయకండి. మన దేశంలో 2001లోనే గట్టి పగడాలని, సీ హార్స్‌లని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. చచ్చిన పగడం ముక్క దగ్గరున్నా కేసే. సిరామిక్‌తో చేసిన రీఫ్ రాయి దొరుకుతుంది, అది తీసుకోండి. నేను ఇక్కడ చెప్పే లెక్కలన్నీ మష్రూమ్, జోయాంథిడ్, లెదర్ లాంటి మెత్తటి రకాలకే. వాటినైనా బిల్లు అడిగి తీసుకోండి. ఇలాంటి పొడి రాయిలో బ్యాక్టీరియా స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ లోపు చేపలు వేయొద్దు.

ఇక ఫిల్టర్ డబ్బా చేయాల్సిన పని తక్కువే. తిండి ముక్కలు, రెట్ట కుళ్లకముందే పట్టుకోవాలి. నీటి పైపొర కదులుతూ ఆక్సిజన్ అందేలా చూడాలి. ఏ డబ్బా అయినా ఈ పని చేస్తుంది కాబట్టి, నేను ఎంచుకునేటప్పుడు రెండే ప్రశ్నలు వేసుకుంటాను. వారానికి రెండుసార్లు దీన్ని నేను తెరుస్తానా? కరెంటు పోయి వచ్చినప్పుడు ఇదేం చేస్తుంది?

మొదట మీ షాపతను చెప్పిన కానిస్టర్ సంగతి. మంచి వస్తువే, చప్పుడు చేయదు, ట్యాంకు కింద కనపడకుండా కూర్చుంటుంది. ఆ కనపడకపోవడంతోనే చిక్కు. తెరవాలంటే వాల్వులు కట్టాలి, పైపులు ఊడదీయాలి, నీళ్లు కారతాయి, బకెట్, పాతబట్ట కావాలి. మొదటి నెల ప్రతి ఆదివారం చేస్తారు, రెండో నెల పదిహేను రోజులకి ఒకసారి, ఆ తర్వాత పండగకో పబ్బానికో. లోపల పట్టిన చెత్త మాత్రం నీళ్లలోనే ఉండి కుళ్లుతూ నైట్రేట్ అవుతూనే ఉంటుంది. చెత్తబుట్ట నిండా తుక్కు పెట్టుకుని మూత వేసేస్తే ఇల్లు శుభ్రమైపోదు కదా.

కరెంటు సంగతి ఇంకా ఘోరం. మా బావమరిది ట్యాంకుకి కానిస్టర్ ఉండేది. ఒక మే నెలలో వాళ్లు ఊరెళ్లారు. గాలివానకి రాత్రి ఏడు గంటలపాటు కరెంటు లేదు. మూసిన డబ్బాలో నీళ్లు కదలకపోతే లోపలున్న బ్యాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్నీ లాగేసుకుని చచ్చిపోవడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున కరెంటు వచ్చింది, పంపు తిరిగింది, ఆ కుళ్లునీళ్లన్నీ ట్యాంకులోకి వెళ్లాయి. పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే నేను వెళ్లాను. తలుపు తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. నాలుగు చేపల్లో ఒక్కటి మిగిలింది. మీరు ఎప్పుడైనా కానిస్టర్ వాడాల్సి వస్తే, కరెంటు రెండు మూడు గంటలకి మించి పోయినప్పుడు ప్లగ్గు పీకేసి, లోపల కడిగి, అప్పుడే మళ్లీ ఆన్ చేయండి.

సంప్ నిజానికి అన్నిటికంటే మంచిది. నా పెద్ద ట్యాంకు, నాలుగడుగులది, సంప్ మీదే నడుస్తోంది. నీళ్ల పరిమాణం పెరుగుతుంది, హీటర్, స్కిమ్మర్ అన్నీ కింద దాక్కుంటాయి. కానీ మొదటి ట్యాంకుకి, అదీ రెండడుగులదానికి నేను చెప్పను. కరెంటు పోగానే పైపుల్లో, ట్యాంకు పైభాగంలో ఉన్న నీళ్లన్నీ కిందికి దిగుతాయి. ఆ నీళ్లు పట్టేంత ఖాళీ సంప్‌లో ఉండాలి. నా మొదటి సంప్‌కి ఖాళీ ఉంచాను, కానీ నీళ్లు పైకి పంపే పైపు మూతి ట్యాంకులో ఆరంగుళాల లోతున పెట్టాను. పంపు ఆగగానే అదే పైపు సైఫన్‌లా నీళ్లని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో ఉప్పునీళ్లు, కింద ఫ్లాట్ వాళ్ల సీలింగ్ మీద మరక. పెయింటు నేనే వేయించాను. నీటి మట్టానికి కొంచెం కింద ఆ పైపుకి ఒక చిన్న రంధ్రం పెట్టి ఉంటే గాలి దూరి సైఫన్ తెగిపోయేది. ఇప్పుడు నాకున్న సంప్ పైపులన్నిటికీ రంధ్రాలున్నాయి. అవి పాచి పట్టి మూసుకుపోకుండా నెలకోసారి టూత్‌పిక్‌తో పొడుస్తాను.

వెనక తగిలించే ఫిల్టర్ మీలాంటి ట్యాంకుకి రెండో స్థానంలో పెడతాను. చవక, తెరవడం తేలిక. ట్యాంకులో ఇప్పటికే నీళ్లు పోసేసి ఉంటే నేను చెప్పేది ఇదే. ఒక్క చిక్కు ఉంది. చవక రకాల్లో కొన్ని కరెంటు పోయి వచ్చాక నీళ్లు అందుకోలేక గాలిలోనే గిరగిరా తిరుగుతాయి. కొనేటప్పుడు షాపులోనే నీళ్లు పోయించి, ప్లగ్గు పీకి, ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టమనండి. దానంతట అది నీళ్లు ఎత్తుకుంటేనే తీసుకోండి. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇప్పుడు పక్క గది. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్వేరియం గాజు పనివాళ్లలో చాలామంది దీన్ని మంచినీళ్ల ట్యాంకు లెక్కలో కట్టేస్తారు.

కుడి పక్కన 5 అంగుళాలు వదిలి నిలువు గాజు పెట్టించండి. దాని పైఅంచున దువ్వెన పళ్లలాంటి ప్లాస్టిక్ పట్టీ వస్తుంది. ట్యాంకు పైపొర మీద తేలే నూనెతెర, దుమ్ము ఆ పళ్లలోంచి గదిలోకి జారతాయి. ముందు నుంచి వెనక్కి 15 అంగుళాలున్న ఆ గదిని మళ్లీ రెండు అడ్డుగాజులతో మూడు భాగాలు చేయాలి. మొదటి భాగం 4 అంగుళాలు, పైన దూది. నీళ్లు దూదిలోంచి కిందికి దిగి, మొదటి అడ్డుగాజు అడుగున ఒకటిన్నర అంగుళం సందులోంచి రెండో భాగంలోకి వెళ్తాయి. రెండోది కూడా 4 అంగుళాలు, అందులో కార్బన్ సంచి. అక్కడ పైకి లేచిన నీళ్లు రెండో అడ్డుగాజు మీదుగా పొర్లి మూడో భాగంలో పడతాయి. మూడోది మిగిలిన 7 అంగుళాలు, నీళ్లని తిరిగి ట్యాంకులోకి పంపే పంపుకి. గంటకి 600 నుంచి 800 లీటర్ల పంపు చాలు.

పంపు భాగాన్ని చిన్నదిగా కట్టనివ్వకండి. ఇలాంటి ట్యాంకులో నీళ్లు ఆవిరైతే మట్టం తగ్గేది ఆ ఒక్క చోటే. మీ బెజవాడ ఎండలో, పైన ఫ్యాను కూడా పెడితే రోజుకి లీటరున్నర పోతుంది. 5×7 అంగుళాల భాగంలో లీటరున్నర అంటే దాదాపు మూడు అంగుళాల మట్టం. రెండు రోజులు చూసుకోకపోతే పంపు గాలి పీలుస్తుంది, ట్యాంకంతా సోడా కొట్టినట్టు బుడగలు. అదే 3 అంగుళాల భాగం కట్టిస్తే ఒక్క రోజు కూడా ఆగదు. గాజు మీద మార్కర్‌తో గీత గీసుకుని, రోజూ పొద్దున ఆ గీత దాకా పోయండి. పోసేది ఉప్పు కలపని నీళ్లే. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. మంచినీళ్ల ట్యాంకు నుంచి వచ్చినవాళ్లు మొదట తప్పు చేసేది ఇక్కడే.

దువ్వెన పళ్ల అడుగు ట్యాంకు అంచుకి రెండు అంగుళాల కింద ఉండేలా చూడండి. ఎప్పుడైనా ఒక నత్త పళ్లకి అడ్డంగా అతుక్కుంటే పంపు తన భాగంలో ఉన్న నీళ్లన్నీ ట్యాంకులోకి తోసేస్తుంది. ఆ నీళ్లకి ఒక అంగుళం పైచిలుకు చోటు కావాలి. కరెంటు పోతే మాత్రం భయం లేదు. నీళ్లు గదిలోనే సర్దుకుంటాయి, నేల మీదికి రావడానికి దారే లేదు. వచ్చాక పంపు మునిగే ఉంటుంది కాబట్టి దానంతట అదే మొదలవుతుంది.

దూదిని మూడు నాలుగు రోజులకి ఒకసారి తీసి పారేయండి. కడిగి వాడటం వద్దు, చవకే. చేయి పెట్టి లాగేస్తే అయిపోయే పని, పది సెకన్లు. నా దగ్గర ముందే కత్తిరించిన దూది ముక్కలు ట్యాంకు పక్కనే డబ్బాలో ఉంటాయి. తిండి వేసేటప్పుడు కంటికి కనిపిస్తాయి కాబట్టి మర్చిపోను. కార్బన్ ఒక పిడికెడు, నెలకోసారి మార్చండి. మెత్తటి పగడాలు ఒకదాని మీద ఒకటి చిన్నపాటి విషాలు వదులుకుంటాయి. చిన్న ట్యాంకులో లెదర్, మష్రూమ్‌లు కలిపి పెట్టినప్పుడు కార్బన్ ఆ గొడవని చల్లారుస్తుంది, నీళ్ల పసుపుదనం కూడా పోతుంది.

స్కిమ్మర్ ఎందుకు వద్దన్నాను? పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురగని గరిటెతో తీసేస్తాం కదా, స్కిమ్మర్ చేసేది అదే. సన్నటి బుడగలకి నీళ్లలోని జిగురు మలినాలు అంటుకుని పైకొస్తాయి, కప్పులో చేరతాయి. సముద్రం ఒడ్డున అలల చివర కనిపించే నురగ కూడా అలాంటిదే. పని చేయదని నేను అనట్లేదు. కానీ రెండు చిన్న చేపలున్న 70 లీటర్లలో దానికి దొరికే పని తక్కువ. ఈ సైజు స్కిమ్మర్లు మహా పేచీకోరువి. చేయి ట్యాంకులో పెట్టినా, కొత్త రకం తిండి వేసినా నురగ పడిపోయి ఏమీ తీయదు, లేదంటే కప్పు పొంగి పొర్లుతుంది. మీ ట్యాంకులో ఆ పనిని వారానికి 10 లీటర్ల నీళ్లు మార్చడం చేస్తుంది, పైగా పగడాలకి కావాల్సిన కాల్షియం, క్షారత కూడా తిరిగి ఇస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. 70 లీటర్లలో 10 మారిస్తే ఏడో వంతు. మీ ట్యాంకులో నైట్రేట్ వారానికి 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) పెరుగుతోంది అనుకుంటే, అది పెరిగి పెరిగి 14 దగ్గర ఆగుతుంది. 14లో ఏడో వంతు 2, అంటే వచ్చిందీ పోయిందీ సరి. మెత్తటి పగడాలకి 14 హాయిగానే ఉంటుంది. తిండి ఎక్కువ వేసి వారానికి 5 పెరిగేలా చేస్తే 35 దాకా వెళ్తుంది, అప్పుడు గాజు మీద పాచి. కాబట్టి ఆరు నెలలు నడిపి, నైట్రేట్ 20 దాటి అక్కడే కూర్చుంటే, తిండి తగ్గించి చూసి, అయినా దిగకపోతే అప్పుడు స్కిమ్మర్ గురించి ఆలోచించండి. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా చేయాలని మాత్రం తాపత్రయపడొద్దు. నేనొకసారి నైట్రేట్, ఫాస్ఫేట్ లాగే మందులు దండిగా వేసి రెండూ సున్నాకి దించాను. పదిహేను రోజుల్లో ఇసుక మీద గోధుమరంగు జిగురు, బుడగలతో తీగలు తీగలుగా. డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు అవి. వదిలించుకోవడానికి మూడు నెలలు పట్టింది.

యూవీ చేపల రోగాలకి కొంతవరకు పనికొస్తుంది. మీకిప్పుడు అక్కర్లేదు, పైగా నీళ్లని వేడెక్కిస్తుంది. రోహిణి కార్తెలో మీ ఊళ్లో నీళ్లని 27 డిగ్రీల లోపు ఉంచడమే గగనం. అక్కడ వేడి పెంచే ప్రతి మోటారూ లెక్కలోకే వస్తుంది.

మిగిలిన డబ్బు నీళ్ల మీద పెట్టమన్నాను కదా, దానికి కారణం ఉంది. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు చాలనుకుంటారు. చాలా మెషీన్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) కంట్రోలర్ ఉంటుంది, అది రుచి కోసం పచ్చి నీళ్లని కొంచెం తిరిగి కలుపుతుంది. అంతకంటే ప్రమాదం, ఈమధ్య అందరూ కొంటున్న కాపర్ ఆర్‌ఓ. మనకి ఆరోగ్యమో కాదో గానీ, నత్తలకి, రొయ్యలకి, పగడాలకి రాగి విషం. నాకు తెలిసిన ఒకబ్బాయి ట్యాంకులో పెట్టిన నత్తలు పెట్టినట్టే చచ్చిపోయేవి. ఉప్పు మార్చాడు, రాళ్లు మార్చాడు, నేను రెండుసార్లు వెళ్లి అన్నీ టెస్ట్ చేశాను. మూడోసారి వాళ్లమ్మగారు మంచినీళ్లు ఇవ్వడానికి వంటింట్లోకి వెళ్తే, గోడకున్న మెషీన్ మీద రాగి రంగులో మెరుస్తున్న గొట్టం కనిపించింది. మీది మామూలు ఆర్‌ఓ అయితే, మెంబ్రేన్ దాటిన వెంటనే, మినరల్ కార్ట్రిడ్జ్‌కి ముందే ఒక పైపు పక్కకి తీయించి, దానికి డీఐ రెసిన్ కార్ట్రిడ్జ్ తగిలించుకోండి. టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. సున్నా దాటడం మొదలైతే రెసిన్ మార్చే టైం వచ్చినట్టు.

బందరు నీళ్లు వద్దు. మంగినపూడి వెళ్లినవాళ్లకి తెలుసు, అక్కడ ఒడ్డంతా నల్లమట్టి, నీళ్లు బురదగా ఉంటాయి. వానాకాలం కృష్ణ వరద కలిసినప్పుడు ఒడ్డున ఉప్పదనం బాగా పడిపోతుంది. ఒకసారి తెచ్చిన నీళ్లు ఇంకోసారి తెచ్చినవాటిలా ఉండవు. రానుపోను పెట్రోలు ఖర్చుకి చాలా రోజులకి సరిపడా ఉప్పు వస్తుంది. లీటరుకి 36 నుంచి 38 గ్రాముల లెక్కన కలిపి, సాంద్రత 1.025 వచ్చేలా చూసుకోండి. వారానికి 10 లీటర్లంటే 400 గ్రాముల లోపే.

కరెంటు కోసం ఇంకో మాట. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వేవ్‌మేకర్‌ని దాని మీద పెట్టండి. పది వాట్లు కూడా తినదు. ఫిల్టర్ పంపు ఆగినా వేవ్‌మేకర్ తిరుగుతూ పైపొరని కదిలిస్తుంటే చేపలు బతికిపోతాయి, రాళ్లలోని బ్యాక్టీరియా కూడా. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మోటార్లు గుయ్యిమంటూ వేడెక్కుతాయి, సైన్ వేవ్ అయితే ఏ గొడవా ఉండదు. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి డ్రాయర్‌లో ఉంచుకోండి.

గాజు పనివాడికి ఇంకొక్క విషయం గట్టిగా చెప్పండి. ఫంగస్ రాకుండా మందు కలిపిన బాత్రూం సిలికాన్ వాడొద్దని, ట్యాంకులకి వాడే మామూలు సిలికానే వాడమని. ట్యూబు మీరే కళ్లారా చూడండి. వారం రోజులు ఆరనివ్వండి, వెనిగర్ లాంటి పుల్లటి వాసన పూర్తిగా పోవాలి. అప్పుడు మామూలు కొళాయి నీళ్లే నింపి ఒక రోజంతా పంపు నడపండి. మధ్యలో రెండు మూడుసార్లు ప్లగ్గు పీకి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగుతున్నాయో గాజు మీద గీత పెట్టుకోండి. ఆ నీళ్లు పారబోశాకే ఉప్పు ప్యాకెట్ విప్పండి. గది కట్టించాక ఫొటో పెడితే అడ్డుగాజుల ఎత్తు సరిపోయిందో లేదో చూసి చెప్తాను.